మానై వంగుతున్న వేళ్ళు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి సాతంరాయిలో మా ఇంటి ముందుగదిలో ఐదుగురు ఆడవాళ్ళం కూర్చుంటాం. ఒకవైపు బెంగళూరు హైవే మీద లారీల మోత, మరోవైపు శంషాబాద్ విమానాశ్రయం మీద దిగే విమానాల మోత. మధ్యలో ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు. మేం దాన్ని పియానో అనే అంటాం. అసలు పియానో లోపల తీగలుంటాయి, వాటిని కొట్టే చిన్న సుత్తులుంటాయి. దీనిలో ఉన్నది కరెంటు. అయినా మాకు నేర్పే ఆవిడ సికింద్రాబాదులో చర్చి ఆర్గన్ వాయించి వాయించి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆవిడే దీన్ని పియానో అంటున్నప్పుడు మనకెందుకు అభ్యంతరం?

పాఠం అరగంటే. ఆ తర్వాతే మేం వారమంతా ఎదురుచూసే పని. ఒక్కొక్కరం ఆ వారంలో కొత్తగా వచ్చింది ఒక్కటి వాయించి చూపించాలి. ఒక్కటే. రెండు చూపిస్తే గొప్పలకి పోవడం కింద లెక్క. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టాలి. 'ఇంకా ఇక్కడ తప్పు పోతోంది' అనకూడదు, ఆ మాట టీచరు మాత్రమే అనాలి. ఈ నియమాలు ఎవరు పెట్టారో గుర్తులేదు. మొదటి నెలలోనే ఏర్పడిపోయాయి.

పోయిన నెలలో ఒక వారం నేను చూపించింది నా బొటనవేలు. స నుంచి పై స దాకా ఎనిమిది తెల్ల కీలు వరసగా నొక్కాలి. చేతికున్న వేళ్ళు ఐదే. కాబట్టి మూడో వేలు పని అయ్యాక బొటనవేలు అరచేతి కిందనుంచి దూరి నాలుగో కీ అందుకోవాలి. దూరేటప్పుడు గతుకులరోడ్డు మీద ఆటోలాగా స్వరం ఒక్కసారి ఎగిరిపడుతుంది. తన తండ్రి చిన్నతనంలో మహా విద్వాంసులు కూడా తప్పనిసరైతే తప్ప బొటనవేలు వాడేవారు కాదని సి.పి.ఇ. బాఖ్ 1753లో రాశాడు. అది చదివి నా బొటనవేలి మీద నాకు కాస్త జాలి కలిగింది. పదకొండు వారాలు ఎగిరిపడింది. పన్నెండో వారం పడలేదు. మ మీద వేలు వాలింది, ఎక్కడ మారిందో నాకే తెలియలేదు. నలుగురు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిహెచ్.డి. వైవా అయిన రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదని చెబితే మా గైడ్ గారు ఏమనుకుంటారో!

మిగతా నలుగురి గురించి కూడా చెప్పాలి. ఒకరు విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్‌గా షిఫ్టుల్లో పనిచేసే అమ్మాయి. రాత్రి డ్యూటీ నుంచి తెల్లవారుజామున వచ్చి, ఇల్లు లేవకముందు ఇరవై నిమిషాలు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకుంటుంది. ఒకరు అరవై దాటిన రిటైర్డ్ టీచరు. కీళ్ళనొప్పుల వల్ల ఉంగరపువేలు విడిగా లేవదు. అది విడిగా లేచిన వారం ఆవిడ మైసూర్‌పాక్ తెచ్చి పంచారు. ఒకరు ఆసుపత్రిలో నర్సు. ఇంకొకరు ఈ ప్రాంతపు మనిషి. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం మొదలయ్యేనాటికి దాని కిందకి దాదాపు 5,500 ఎకరాలు వెళ్ళాయి. అందులో వాళ్ళ అత్తగారి పొలం కూడా ఉంది. వచ్చిన డబ్బులో చివరికి మిగిలిన దాంతో కొడుక్కి కొన్నవాటిలో ఒక కీబోర్డు కూడా ఉంది. కొడుకు దాన్ని మూడు నెలలు వాయించి అటక మీద పెట్టాడు. ఈవిడ దించింది. ఎవరూ నేర్పకుండానే బతుకమ్మ పాట వరసని ఒక్క చూపుడువేలితో వెతుక్కుంటూ వెతుక్కుంటూ పట్టుకుంది. 'చేన్ల కలుపు తీసినట్టు తీసిన అక్కా, తప్పు మోగింది తీసేసుడు, తీసేసుడు' అని చెప్పింది నాకు. స్వరజ్ఞానం గురించి ఇంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మా ఐదుగురినీ ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, వాచ్‌మన్‌తో సహా అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. 'ఇప్పుడెందుకు?' దాని వెనకే సామెత: మొక్కై వంగనిది మానై వంగునా. సాధన చేస్తే ఏదైనా సమకూరుతుందని చెప్పే వేమన పద్యం కూడా మనవాళ్ళందరికీ నోటికొచ్చు. నలభై ఏళ్ళ మగవాడు గిటార్ కొనుక్కుంటే ఆ పద్యం చదువుతారు. అదే వయసు ఆడది కీబోర్డు ముందు కూర్చుంటే ఈ సామెత చెప్తారు.

'ఇప్పుడెందుకు' అన్న ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది. అంటే అప్పుడెందుకో అందరికీ తెలుసన్నమాట. అప్పుడు నేర్చుకునేది పెళ్ళిచూపుల కోసం.

మా అమ్మది తెనాలి. నాటకాల ఊరు, హార్మోనియం ఊరు. అమ్మమ్మ వాళ్ళింట్లోనూ ఒక హార్మోనియం పెట్టె ఉండేది. అమ్మకి పదకొండో ఏట నుంచి సంగీతం చెప్పించారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, అక్కణ్ణించి వర్ణం దాటి నాలుగు కీర్తనలు. 1982లో నాన్నగారి తరఫువాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు చాప మీద కూర్చుని అందులో ఒకటి పాడింది. 'బాగుంది' అన్నారు. సంబంధం కుదిరింది. హార్మోనియం తెనాలిలోనే ఉండిపోయింది. పదేళ్ళపైన నేర్చిన విద్యకి నిండా ఐదు నిమిషాల కచేరీ! పెళ్ళయ్యాక అమ్మ ఎందుకు పాడలేదని నేను చాలా ఏళ్ళు అడగనేలేదు. అడగాలని తోచకపోవడం కూడా నేను చదివిన చదువులో భాగమేనేమో.

అయితే ఈ పెళ్ళిచూపుల పాట అనాదిగా ఉన్నదేమీ కాదు. అంతకు రెండు మూడు తరాల ముందు 'సంసారి స్త్రీ' పాడడమే తప్పు. సభలో పాడేవాళ్ళు, అభినయించేవాళ్ళు కళావంతులు. 1890లలో మద్రాసు రాష్ట్రంలో నాచ్ వ్యతిరేకోద్యమం ఊపందుకుంది. మన సంస్కర్తలూ అందులో ముందున్నారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయించడం, దానిమీద చెలరేగిన గొడవ, ప్రభుత్వ నిషేధం ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పనక్కరలేదు. 1947లో దేవదాసీ వ్యవస్థను రద్దుచేస్తూ మద్రాసు చట్టం వచ్చేనాటికి సంగీతం వాళ్ళ చేతుల్లోంచి జారి 'మంచి కుటుంబాల' ఆడపిల్లల చేతుల్లోకి మారడం మొదలైపోయింది. మారేటప్పుడు కొన్ని షరతులు దానికి తోడయ్యాయి. పిల్ల నేర్చుకోవాలి గానీ మరీ ఎక్కువ నేర్చుకోకూడదు. పాడాలి గానీ వృత్తిగా పాడకూడదు. పెళ్ళికి పనికిరావాలి, పెళ్ళయ్యాక పనికి అడ్డురాకూడదు.

ఈ మార్పిడిలో చేతులు ఖాళీ అయినవాళ్ళు ఏం చేశారు? దవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్' లో గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్ళ గురించి రాశారు. సభ పోయాక, మేజువాణీలు పోయాక, ఆ కుటుంబాల్లోని కొందరు స్త్రీలు తమ పదాలనీ అభినయాన్నీ ఇంట్లోనే, తలుపులు వేసుకుని, తమలో తాము పాడుకుని ఆడుకుని నిలుపుకున్నారట. చూడ్డానికి ఎవరూ లేరు. డబ్బు రాదు, పేరు రాదు, బయటికి తెలిస్తే అవమానం. అయినా సాధన మానలేదు. మా ఆదివారపు గదిని దానితో పోల్చే ధైర్యం నాకు లేదు. వాళ్ళు పోగొట్టుకున్నది నిలబెట్టుకున్నారు, మేం ఎన్నడూ లేనిది వెతుక్కుంటున్నాం. కానీ మూసిన తలుపు వెనక, ఎవరి మెప్పుకీ కాకుండా చేసే సాధన అన్న మాటకి అర్థం ఏమిటో నేను మొదట ఆలోచించింది ఆ పుస్తకం దగ్గరే.

పియానో పుట్టిన దేశాల్లో ఇంతకంటే మెరుగ్గా ఉందనుకున్నాను. చదివాక ఆ భ్రమ పోయింది. 19వ శతాబ్దపు యూరప్‌లో మధ్యతరగతి ఇంటి హాల్లో పియానో, దాని ముందు పెళ్ళికావలసిన పిల్ల. మన చాప, హార్మోనియం, వాళ్ళ స్టూలు, పియానో. వరుడి తరఫువాళ్ళు మాత్రం రెండుచోట్లా ఒకేలా తలూపుతారు. ఫ్యానీ మెండెల్సన్‌కి 14 ఏళ్ళప్పుడు, 1820లో, ఆమె తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం ఆమె తమ్ముడు ఫెలిక్స్‌కి వృత్తి కావచ్చు, ఆమెకి మాత్రం అలంకారమేనని దాని సారాంశం. ఆ అలంకారం 1841లో ఏడాదిలో నెలకొకటి చొప్పున పన్నెండు పియానో రచనలు చేసింది. వందలకొద్దీ రచనలు చేసిన ఆమె, తమ్ముడికి ఇష్టం లేకపోయినా, తన పేరు మీద మొదటి సంపుటి అచ్చువేసుకున్నది 1846లో, 40 ఏళ్ళ వయసులో. మరుసటి సంవత్సరం మే నెలలో చనిపోయింది.

నన్ను ఇంకా ఎక్కువ వెంటాడింది క్లారా షూమన్ డైరీ. చిన్నప్పటినుంచీ యూరప్ మెచ్చిన పియానిస్టు ఆమె. ఏడెనిమిదేళ్ళ వయసులో ఆమె పేరున ఒక డైరీ మొదలైంది. ఏం వాయించింది, ఎంత వచ్చింది, ఎక్కడ మెచ్చుకున్నారు, అన్నీ 'నేను' అనే ఉంటాయి. చాలా ఏళ్ళపాటు అందులో ఎక్కువ భాగం రాసింది ఆమె కాదు, ఆమె తండ్రి, గురువు అయిన ఫ్రెడరిక్ వీక్. కూతురి 'నేను' ని తండ్రి రాశాడు! స్త్రీల ఆత్మకథల మీద ఐదేళ్ళు పరిశోధన చేసినదాన్ని, 'నేను' అన్న మాట ఎవరిదని ప్రశ్నించడమే నా వృత్తి. ఇంత మొరటు ఉదాహరణ నాకు మరొకటి కనపడలేదు. 1840లో రాబర్ట్ షూమన్‌ని పెళ్ళాడాక భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక డైరీ రాశారు. అందులో క్లారా 'నేను' ఆమెదే. ఆ 'నేను' ఏం చెప్తుందంటే, అతను స్వరరచనలో ఉంటే తను వాయించకూడదు, గోడలు పల్చన, రోజులో ఒక్క గంట కూడా దొరకడం లేదు, చెయ్యి వెనకబడిపోతోంది అని.

వర్జీనియా వూల్ఫ్ 1929లో తనదైన గది కావాలని చెప్పినప్పుడు ఆలోచించింది రాసేవాళ్ళ గురించి. రాత నిశ్శబ్దంగా సాగుతుంది. ఎవరైనా వస్తే కాగితం మీద మరో కాగితం కప్పెయ్యొచ్చు. భండారు అచ్చమాంబ పెళ్ళయ్యాక, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. ఆ తర్వాతే అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. పక్కగదికి వినపడకుండా చదవొచ్చు. సంగీతం అలా కుదరదు. అందులో రానిది కూడా వినపడుతుంది. నేర్చుకునేవాళ్ళ ప్రతి తప్పూ గోడ దాటి పోతుంది. జేన్ ఆస్టిన్ చాటన్ గ్రామంలో ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే, ఫలహారాలకి ముందే పియానో సాధన చేసేదని ఆమె మేనకోడలు రాసింది. సంగీతం అంతగా ఇష్టంలేని ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది కలగకూడదనట. మా ఎయిర్‌పోర్టు అమ్మాయి తెల్లవారుజాము ఇరవై నిమిషాలు గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.

మన సంప్రదాయంలోనూ వేకువన సాధన చేసే కథలు కావలసినన్ని. ఫలానా విద్వాంసుడు మూడింటికి లేచి కంఠం దాకా నీళ్ళలో నిలబడి సాధన చేసేవాడు, ఫలానాయన పన్నెండు గంటలు వాయించేవాడు అని. ఆ పన్నెండు గంటలూ పొయ్యి ముందు ఎవరున్నారో చెప్పిన కథ ఒక్కటీ నేను వినలేదు.

హార్మోనియం దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మన ఇళ్ళకి పియానో అంటే అదే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ పేటెంటు తీసుకున్న వాద్యం అది. కాళ్ళతో తొక్కి వాయించేది. మిషనరీల వెంట ఇక్కడికి వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో వాయించుకునేలా మార్చాడు. ధార్వాడ నాటక సమాజాలు కోస్తా ఊళ్ళలో ఆడి వెళ్ళాక తెలుగు పద్యనాటకం పెరిగింది, దాని పక్కన ఈ పెట్టె పెరిగింది. పండితులకి ఇది నచ్చలేదు. పన్నెండు స్వరాలు బిగించిన పెట్టెలో గమకం పలకదన్నారు. మాట నిజమే, పియానోలోనూ పలకదు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని సడలించింది 1971లో. ముప్ఫై ఏళ్ళు! ఈ నిషేధం గురించి రాసినవాళ్ళంతా శ్రుతి గురించీ, స్వదేశీ విదేశీ గురించీ రాశారు. ఈ పెట్టె లక్షణం ఇంకొకటి ఉంది. మెట్టు నొక్కితే సరైన స్వరమే పలుకుతుంది. గురువు ఎదురుగా లేకపోయినా స ఎక్కడుందో, రి ఎక్కడుందో మెట్టు చెప్తుంది. బయటికి వెళ్ళి నేర్చుకోలేని మనిషికి, వారానికో రోజు మాత్రమే పాఠం దొరికే మనిషికి, మధ్యలో ఆరు రోజులు గురువుగా నిలబడగల వాద్యం అది. మా పొలం పోయిన స్నేహితురాలు 'తీసేసుడు, తీసేసుడు' అని బతుకమ్మ పాట పట్టుకోగలిగింది అందుకే. గమకం పలకదని దాన్ని తీసిపారేసిన పండితులకి, అది ఎవరి చేతికి అందుతోందన్న సంగతి పట్టినట్టు లేదు.

మా చిన్నప్పుడు టీవీలో చూసిన పాత సినిమాల్లో పెద్ద మేడ, వంపు మెట్లు, హాల్లో నల్లటి పియానో. పుట్టినరోజు పార్టీలో ఎక్కువగా దాని ముందు కూర్చునేది హీరో. హీరోయిన్ చేతికి వీణ ఇచ్చేవారు, లేకపోతే పియానో మీద మోచెయ్యి ఆనించి నిలబడే పని. వీణ సంప్రదాయం, పియానో డబ్బు. ఆ డబ్బున్న హాలు 1980లో కాసియో కంపెనీ తన మొదటి ఎలక్ట్రానిక్ కీబోర్డు అమ్మకానికి పెట్టాక కొద్దికొద్దిగా కూలడం మొదలైంది. ఈ తరహా వాద్యాలకి ఒక పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి. స్త్రీల విముక్తి కోసం ఎవరూ దాన్ని చెయ్యలేదు. కానీ క్లారాకి లేనిది, ఆస్టిన్‌కి లేనిది, మా అమ్మకి లేనిది ఈ రంధ్రమే. తప్పులు గోడ దాటకుండా ఆగుతాయి.

దీన్ని నేను పొగుడుతున్నానా అంటే, లేదు. మొదటి ఆరు నెలలు నేనూ హెడ్‌ఫోన్‌తోనే వాయించాను. ఒకరోజు రాత్రి మావారు వచ్చి పక్కన నిలబడ్డారు. చెవులు మూసుకుని ఉన్న నాకు తెలియలేదు. ఆయనకి వినపడింది ప్లాస్టిక్ మీటల టకటక మాత్రమే. 'టైపు చేస్తున్నావేమో అనుకున్నాను' అన్నారు. నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. నా సంగీతం బయటికి టైపింగ్‌లా వినపడుతోంది. ఆఫీసు పనిలా, అంటే మర్యాదస్తురాలైన స్త్రీ చెయ్యదగ్గ పనిలా! మరుసటి రోజు హెడ్‌ఫోన్ తీసేశాను. పక్క ఫ్లాట్ వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు. మా ఎయిర్‌పోర్టు అమ్మాయి మాత్రం తియ్యలేదు. తియ్యగలిగే స్థితిలో లేదు. తియ్యమని చెప్పే హక్కు నాకు లేదు కూడా. నేను వాయించే అరగంటలో మా వంటింట్లో గిన్నెలు తోముతున్నది మరో ఆడమనిషి. ఆమెకి ఆదివారం కూడా సెలవు లేదు. ఈ వ్యాసం రాసేటప్పుడు ఆ మాట రాయకుండా దాటెయ్యాలని రెండుసార్లు అనిపించింది.

ఇప్పుడు అమ్మ నోటుపుస్తకం. రెండేళ్ళ కింద గుంటూరు ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికింది. వంద పేజీల రూళ్ళ పుస్తకం. అప్పట్లో ఆకాశవాణిలో సంగీత శిక్షణ అని ఒక కార్యక్రమం వచ్చేది. గురువు గారు ఒక కీర్తనని లైను లైనుగా చెప్పడం, ఎదురుగా ఉన్న శిష్యులు అనడం, ఇళ్ళలో రేడియోల ముందు కూర్చున్న కనపడని శిష్యులు కూడా అనడం. ఆ కనపడనివాళ్ళలో మా అమ్మ ఒకతె అని నాకు ఆ రోజుదాకా తెలియదు. ఎడమవైపు స్వరం, సాహిత్యం. కుడివైపు మార్జిన్‌లో తేదీ, ఒక చిన్న మాట. 'పల్లవి వచ్చింది.' 'రెండో సంగతి సగం వచ్చింది.' 'అనుపల్లవి పైస్థాయి అందలేదు.' 'అందింది.' ఆ ఒక్క మాట కింద రెండు గీతలు. మా గదిలో చప్పట్లు అంటే ఆ రెండు గీతలే అనుకున్నాను.

కానీ పరిశోధకురాలి కన్ను ఉన్నచోట ఆగదు, లేనిచోటికి పోతుంది. తేదీల మధ్య ఖాళీలున్నాయి. అమ్మ వాటిని కూడా రాసింది. 'చుట్టాలు. వినలేదు.' 'కరెంటు లేదు.' 'ఆయన వార్తలు పెట్టారు.' 1989 మార్చి నుంచి ఒకే మాట నాలుగు వారాలు: 'చిన్నదానికి జ్వరం. వినలేదు.' చిన్నది అంటే నేను. రెండేళ్ళదాన్ని. ఆ తర్వాత ఒక కీర్తన మధ్యలో చరణం దగ్గర నుంచి పుస్తకం ఖాళీ. 1991లో ఒక్క పేజీలో మళ్ళీ మొదలై ఆగింది. మిగతా పేజీలు పాలలెక్క, చాకలి పద్దు.

వేరే స్త్రీల ఆత్మకథల్లో ఖాళీలు కనపడితే అక్కడ పితృస్వామ్యం అని మార్జిన్‌లో రాయడం నాకు అలవాటు. ఇక్కడ ఏం రాయాలి? నా జ్వరం అని రాయాలా? జ్వరం వచ్చిన పిల్లని చూసుకోవలసింది ఒక్క అమ్మేనా అని నాన్ననీ, ఆ ఇంటినీ, ఆ కాలాన్నీ నిలదీయడం సులువే. నిలదీశాను కూడా, మనసులో. అయినా ఆ నాలుగు వారాల పక్కన ఉన్నది నా పేరే. ఫోన్‌లో అడిగాను, ఎందుకు ఆపేశావని. 'ఆపలేదే, వారం వారం కుదర్లేదంతే' అంది అమ్మ. ముప్ఫై ఏళ్ళపైన కుదరని వారాలు!

అది చదివాకే నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. గదిలో అందరికీ చెబితే వాళ్ళూ కొన్నారు. వచ్చిందే కాదు, రానివారం ఎందుకు రాలేదో కూడా రాయాలని పెట్టుకున్నాం. నర్సు పుస్తకంలో 'డబుల్ డ్యూటీ' అని నాలుగుసార్లు ఉంది. రిటైర్డ్ టీచరు పుస్తకంలో 'కోడలు పుట్టింటికి'. ఆ పుస్తకాల్ని ఎవరూ ఎవరికీ చూపించనక్కరలేదు. కానీ చూపిస్తున్నాం.

పోయిన వారం అమ్మ, నాన్న మా ఇంటికి వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం నాన్న లోపల నిద్రపోయారు. అమ్మ కుర్చీ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుని అందరి ఒక్కొక్కటీ విన్నది. బతుకమ్మ వరస ఈసారి రెండు చేతులతో వచ్చింది, ఎడమ చెయ్యి స, ప పట్టుకుని ఉంటే కుడి చెయ్యి పాట నడిపింది. 'గీ వారం ఎడమచెయ్యి నా మాటిన్నది' అంది ఆమె. చప్పట్లు అయ్యాక అమ్మ లేచి వచ్చింది. 'ఇందులో మాయామాళవగౌళ ఎక్కడే?' అంది. తెల్ల కీ స, పక్కన నల్లది రి, గ మ ప తెల్లవి, మళ్ళీ నల్లది ద, తెల్లది ని. రెండే నల్లవి అని చూపించాను. కూర్చుని కుడిచెయ్యి పెట్టింది. ఎడమచెయ్యి కీబోర్డు వెనక్కి పోయి అక్కడ ఏదో తడుముతోంది. ఏం వెతుకుతోందా అని చూశాను. తిత్తి. లేని తిత్తిని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపుతూ మొదటి సరళీ వరస మొదటి కాలంలో వాయించింది, ఎక్కడా తడబడలేదు. వెంటనే రెండో కాలం ఎత్తుకోబోతుంటే బతుకమ్మ స్నేహితురాలు ఆపింది.

'పెద్దమ్మా, ఒక్కటే చూపియ్యాలె. గిక్కడ గదే రూలు. రెండో కాలం వచ్చే ఐతారం.'

అమ్మ చెయ్యి తీసేసింది. 'అప్పటిదాకా ఎక్కడుంటానమ్మా, శుక్రవారానికి టికెట్లు తీసేశారాయన' అంది.